చెన్నై ఉక్కలో అంజూర: ఏ రకం నిలుస్తుంది, కాయ ఎలా దక్కుతుంది

అంజూర ఎండకు బెదిరే చెట్టు కాదు. వేరుకు నీళ్లు అందితే 45 డిగ్రీల్లోనూ చెట్టు బతుకుతుంది. 39 దాటాక చెడేది కాయ: తీపి చేరకముందే మెత్తబడుతుంది, లేదంటే తోలులా ముడుచుకుంటుంది. అనంతపురం, బళ్లారి, పుణె పక్కన పురందర్ ఎండలు చెన్నై ఎండకు ఏమాత్రం తీసిపోవు. అక్కడ తేనెలా పండేది ఇక్కడ మిద్దె మీద పులిసిపోతుంటే ఎండను తిట్టి లాభం లేదు.

తేడా మూడు చోట్ల ఉంది. ఒకటి రాత్రి. మే నెలలో చెన్నై రాత్రి 28 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, కాబట్టి పగలు చేసుకున్న చక్కెరలో ఎక్కువ భాగాన్ని చెట్టు రాత్రి శ్వాసకే ఖర్చు పెట్టేస్తుంది. రెండోది గాలిలో తేమ. సముద్రపు గాలి చల్లగా తగిలినా ఆకు మీద తడి ఆరనివ్వదు, తుప్పు తెగులుకు కావలసింది అదే. మూడోది వాన. ఏడాది వాన సుమారు 1400 మిల్లీమీటర్లలో సగానికి పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే కురుస్తుంది. బెంగళూరులో ఉన్న బంధువు చెప్పిన నెలకు కత్తిరించి, బంధువు చెప్పిన రకమే పెడితే ఇక్కడ సరిగ్గా ఈ మూడింటి మధ్య ఇరుక్కుంటారు. అందుకే చెన్నైలో రకం ఎంపిక, కత్తిరించే వారం, కుండీ వేడి, ఈ మూడూ సరిగా కుదరాలి. ఎరువుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు రకం

కొనే ముందు తేల్చుకోవాల్సిన మొదటి విషయం, కాయ పండడానికి కందిరీగ కావాలా వద్దా అన్నది. స్మిర్నా తరగతి అంజూరకు ప్రత్యేకమైన చిన్న కందిరీగ లోపలికి దూరి పుప్పొడి చేరిస్తేనే కాయ నిలుస్తుంది. కాలిఫోర్నియాలో స్మిర్నా చెట్లు ఏపుగా పెరిగినా, 1899లో ఆ కందిరీగను తెచ్చి నిలబెట్టేదాకా కాయలు రాలిపోతూనే వచ్చాయి. మన దగ్గర ఆ పురుగు లేదు. మేడి కాయల్లో తిరిగేది వేరే జాతి, అది అంజూరకు పనికిరాదు. కాబట్టి ఆన్‌లైన్‌లో స్మిర్నా తరగతికే చెందిన 'కాలిమిర్నా'ను ముచ్చటగా అమ్ముతుంటే వదిలేయండి. గోలీకాయంత అయ్యాక పసుపు తిరిగి రాలిపోతాయి, ఎంత ఎరువు వేసినా ఆగవు. శాన్ పెడ్రో తరగతిలో పాత కొమ్మ మీద వచ్చే తొలి కాపు కందిరీగ లేకుండా పండుతుంది, కొత్త కొమ్మ మీద వచ్చే అసలు కాపు పండదు. చెన్నైలో మనం ఆధారపడేది కొత్త కొమ్మ కాపు మీదే కనుక అదీ వద్దు. మనకు కావలసింది పుప్పొడి లేకుండానే పండే సాధారణ తరగతి.

రెండో విషయం కాయ అడుగున ఉండే కన్ను. అది వెడల్పుగా తెరుచుకుంటే చీమ, చిన్న పెంకు పురుగు, వాన నీరు లోపలికి పోతాయి. వాటితోపాటే ఈస్టు, బాక్టీరియా చేరి కాయను పులియబెడతాయి. పొడి ప్రాంతంలో పెద్దగా పట్టించుకోని ఈ గుణం ఉక్క ఊరిలో అన్నిటికంటే ముఖ్యం.

ఇక రకాల దగ్గరికి వద్దాం.

బ్రౌన్ టర్కీ: మొదటి మొక్క అయితే ఇదే పెట్టండి. మోడుగా కొట్టేసినా కొత్త చిగురు మీద కాయ కాస్తుంది, ఆకు రాల్చినా తొందరగా తేరుకుంటుంది, కుండీకి ఒప్పుకుంటుంది. లోపం ఏమిటంటే కన్ను ఓ మోస్తరు తెరుచుకునే ఉంటుంది. పండే సమయంలో వాన తగిలితే పులుస్తుంది. కాపును పొడి నెలలకు మళ్లించగలిగితే ఈ లోపం పెద్దగా బయటపడదు.

పూనా అంజూర: మన దేశంలో ఎక్కువగా సాగయ్యేది ఇదే. పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గంట ఆకారం, పలచటి తోలు, ఎర్రటి గుజ్జు. రుచికి వంక పెట్టలేం. ఆ పలచటి తోలే చెన్నైలో ఇబ్బంది: నీళ్లు ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా అయితే కాయ పగులుతుంది. రోజూ చూసుకునే తీరిక ఉన్నవాళ్ల రకం. మహారాష్ట్రలోనే దౌలతాబాద్ రకం నుంచి దిగుబడి, నాణ్యత చూసి ఎంపిక చేసిన దిన్కర్ కూడా ఉంది, దొరికితే పూనాకు బదులుగా పెట్టవచ్చు.

డయానా: పెద్ద కాయ, పసుపుపచ్చ తోలు. తోటల్లో ఈమధ్య బాగా వేస్తున్నారు కాబట్టి కడియం నర్సరీల నుంచి వచ్చే లారీల్లోనూ కనిపిస్తుంది. నేలలో వేస్తే చక్కటి చెట్టు. కుండీలో మాత్రం అంత పెద్ద కాయను నింపడానికి నీళ్లు ఎడతెగకుండా అందాలి, ఏప్రిల్‌లో రెండు రోజులు ఊరెళ్తే కాయలన్నీ ముడుచుకుంటాయి. కాపుకొచ్చాక 75 లీటర్ల కంటే చిన్న సంచిలో డయానా ఉంచకండి.

కోనాడ్రియా: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఐరా కాండిట్ సంకరం చేసి, 1956లో విడుదలైన రకం. లేత ఆకుపచ్చ తోలు. వేడికి బాగా నిలుస్తుంది, కాయ తొందరగా కుళ్లదు. పెరుగుదల మరీ జోరు, నత్రజని కాస్త ఎక్కువైతే మిద్దె మీద ఆకుల అడవి మిగులుతుంది. అదే కార్యక్రమం నుంచి వచ్చిన ఎక్సెల్‌కు కాయ పగలకపోవడం పెద్ద గుణం. చెన్నై లాంటి చోట ఆ ఒక్క గుణం కోసమే వెతికి తెచ్చుకోవచ్చు.

సెలెస్టె: చిన్న కాయ, బిగుతుగా మూసుకున్న కన్ను. అమెరికాలో లూసియానా వైపు, అంటే వేడీ ఉక్కా కలిసిన చోట, పెరళ్లలో పాతుకుపోయిన రకం. పులవడం తక్కువ. దీనికి రెండు షరతులు: గట్టిగా కత్తిరిస్తే ఆ ఏడాది కాపు పోతుంది, నీటి ఎద్దడి వస్తే కాయ రాలుస్తుంది. అదే రాష్ట్రంలోని విశ్వవిద్యాలయం తయారుచేసిన ఎల్‌ఎస్‌యూ పర్పుల్ మొక్కలూ అభిరుచి ఉన్నవాళ్ల దగ్గర చేతులు మారుతుంటాయి. ఉక్క ప్రాంతానికి ఉద్దేశించినది కాబట్టి ప్రయత్నించదగ్గదే.

కడోటా, బ్లాక్ మిషన్: పేరు గొప్పవి, ఎండ పొడిగా ఉండే చోటివి. కడోటా కన్నును తేనె చుక్క మూసేస్తుంది, పురుగు దూరడం తక్కువే, కానీ తేమలో తోలు పగులుతుంది. బ్లాక్ మిషన్ పెద్ద చెట్టవుతుంది, పైగా మొజాయిక్ వైరస్‌కు త్వరగా లొంగుతుంది. చారల కాయ పనాషే ఫొటోలో ఎంత అందంగా ఉన్నా ఆలస్యంగా పండే రకం. దాని కాపు మన కత్తిరి ఎండల్లో, అంటే మే నెల మండుటెండల్లో పడుతుంది. ఈ మూడూ రెండో మొక్కగానో మూడో మొక్కగానో సరే, మొదటి మొక్కగా వద్దు.

మిద్దె మీద రెండు కుండీలకే చోటుంటే బ్రౌన్ టర్కీ ఒకటి, ఎక్సెల్ లేదా కోనాడ్రియా ఒకటి. నేల ఉన్నవాళ్లు డయానా చేర్చుకోవచ్చు.

కొనేటప్పుడు

చెన్నై నర్సరీలో 'అత్తి' అని మాత్రమే అడిగితే మేడి మొక్క చేతిలో పెట్టే అవకాశం ఉంది. ఆకు చూడండి. అంజూర ఆకు అరచేతిలా చీలి, తడిమితే గరుగ్గా ఉంటుంది. మేడి ఆకు చీలికలు లేకుండా కోలగా, నున్నగా ఉంటుంది. మేడి 40 అడుగులు లేచి గోడను పగలగొట్టాక తెలుసుకోవడం కంటే ఇప్పుడు చూసుకోవడం మేలు.

తర్వాత మొక్కను కవర్‌లోంచి కాస్త లేపి వేర్లు చూపించమనండి. వేర్ల మీద పూసల్లా బుడిపెలు ఉంటే వేరుబుడిపె నులిపురుగు పట్టినట్టే, ఆ మొక్కను ఉచితంగా ఇచ్చినా తేవద్దు. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ వంటి ఇసుక నేలల్లో ఈ పురుగు మరీ చెలరేగుతుంది. ఆకుల మీద పసుపు మచ్చలు అడ్డదిడ్డంగా పరుచుకుని ఆకు వంకర తిరిగి ఉంటే అది మొజాయిక్ వైరస్, దానికి మందు లేదు. రెండడుగుల మొక్కకు నాలుగు కాయలు వేలాడుతుంటే మురిసిపోనక్కర్లేదు. అయితే ఆ కాయలు గోలీ సైజు దాటి ఉబ్బి ఉంటే కందిరీగ అక్కర్లేని రకమేనని రుజువు దొరికినట్టు. చీటీ మీద రాసిన పేరు కంటే ఆ కాయ నమ్మదగింది.

తెచ్చే కాలం జనవరి లేదా జూలై. ఏప్రిల్, మే నెలల్లో తెచ్చి కుండీ మార్చితే వేరు కుదురుకునే లోపే ఆకంతా రాలుతుంది.

కుండీ, మట్టి, చోటు

అంజూర ఆకు 40 డిగ్రీలను ఓర్చుకుంటుంది, వేరు ఓర్చుకోదు. పడమటి ఎండ నేరుగా తగిలే నల్ల ప్లాస్టిక్ కుండీలో, అంచు మట్టి మధ్యాహ్నం 45 డిగ్రీలు సులువుగా దాటుతుంది. సన్న వేర్లు ఎక్కువగా ఉండేది ఆ అంచునే. అవి మాడిపోయాక ఎంత నీళ్లు పోసినా ఆకు వాలిపోతూనే ఉంటుంది, ఇంటివాళ్లు దాహమనుకుని ఇంకా పోస్తారు, మిగిలిన వేరు కుళ్లుతుంది. చెన్నై మిద్దెల మీద వేసవిలో చనిపోయే అంజూర మొక్కలు చాలావరకు ఈ దారినే పోతాయి.

కాబట్టి తెల్లటి లేదా లేత రంగు గ్రో బ్యాగు తీసుకోండి. మొదటి ఏడాదికి 20 లీటర్లు చాలు. రెండో ఏడాది 18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న సంచి, అంటే సుమారు 75 లీటర్లు. ఒకేసారి పెద్దదానిలో చిన్న మొక్క పెడితే వేరు చేరని మట్టి తడిగా ఉండిపోయి పులుస్తుంది. నిండా తడిసిన 75 లీటర్ల సంచి వంద కిలోలు దాటుతుంది. కింద బీము ఉన్న చోట, గోడ వారగా పెట్టండి, స్లాబు నడిమధ్యన వద్దు. సంచి కింద రెండు వరసల ఇటుకలు పెడితే కాలే స్లాబు వేడి నేరుగా అంటదు, నీరూ జారిపోతుంది.

మట్టి పాళ్లు, 75 లీటర్ల సంచికి:

1. ఎర్రమట్టి రెండు పాళ్లు
2. బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు ఒక పాలు
3. ముతక ఇసుక ఒక పాలు (సముద్రపు ఇసుక కూడదు)
4. రెండుసార్లు మంచినీళ్లతో కడిగిన కొబ్బరి పొట్టు అర పాలు
5. వేపపిండి పావు కిలో

కొబ్బరి పొట్టు కడగకపోతే దానిలోని ఉప్పు, మీ బోరు నీళ్ల ఉప్పు తోడై ఆకు అంచులు మాడ్చేస్తాయి. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలి, ఆ ఖాళీలో ఎండాకులో కొబ్బరి పీచో పరచండి. కాండానికి మాత్రం ఆనకూడదు.

తూర్పు ఎండ ఉదయం నుంచి ఒంటిగంట దాకా పడి, ఆ తర్వాత గోడ నీడ వచ్చే చోటు శ్రేష్ఠం. రోజుకు ఆరు గంటల ఎండకు తగ్గితే కాయ తీపెక్కదు.

నేలలో వేసేవాళ్లు రెండడుగుల ఘనం గొయ్యి తీయండి. వేళచ్చేరి లాంటి బంకమట్టి చోట గొయ్యి కంటే ఒకటిన్నర అడుగుల మట్టి దిబ్బ మేలు, వర్షాకాలంలో వారం నీళ్లు నిలిస్తే వేరు ఊపిరాడక చస్తుంది. నేల సంపుకు, డ్రైనేజీ పైపుకు కనీసం 15 అడుగులు దూరం ఉంచండి. తడిని వెతుక్కుంటూ పోయే వేరు ఇది, సిమెంటు సందులోకి దూరిందంటే మీకూ పక్కింటివాళ్లకూ మాటలు పెరుగుతాయి.

నీళ్లు

లెక్క ముందు చెప్పుకుందాం. ఐదడుగుల మొక్క, 75 లీటర్ల సంచి అయితే: జనవరి, ఫిబ్రవరిలో రోజుకు మూడు లీటర్లు. మార్చిలో నాలుగైదు. ఏప్రిల్ రెండో వారం నుంచి జూన్ దాకా ఆరు నుంచి ఎనిమిది, ఉదయం ఏడు లోపు సగం, సాయంత్రం సగం. వానలు పట్టాక సున్నా. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు. వేలు రెండు అంగుళాలు దింపి చూసి సర్దుకోండి.

మధ్యాహ్నం రెండింటికి ఆకు వాలితే కంగారు పడకండి. అది నీటిని పొదుపు చేసుకునే తీరు, సాయంత్రం ఏడుకల్లా లేచి నిలబడుతుంది. పొద్దున ఆరింటికీ వాలే ఉంటే, మట్టి పొడిగా ఉంటే అది దాహం. పొద్దున వాలి ఉండి మట్టి తడిగానే ఉంటే వేరు దెబ్బతింది: నీళ్లు ఆపి, మొక్కను నీడలోకి లాగి, మూడో వంతు ఆకులు తీసేయండి.

చెన్నై బోరు నీళ్ల ఉప్పు అసలు తలనొప్పి. అంజూర ఓ మోస్తరు ఉప్పును భరిస్తుంది గానీ కుండీలో అది పోగుపడుతూ పోతుంది. ముదురాకుల అంచు చుట్టూ గోధుమ రంగు గీత కడుతుంటే అదే సూచన. నెలకోసారి సంచి పరిమాణానికి ఒకటిన్నర రెట్లు మెట్రో నీళ్లు (నగర కుళాయి నీళ్లు) లేదా నిల్వ చేసిన వాన నీళ్లు మెల్లగా పోసి, అడుగు నుంచి కారనివ్వండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు. ఒక బక్కెట్ పట్టి బోరు నీళ్లలో సగం సగం కలిపి పోస్తే వేసవంతా నెట్టుకురావచ్చు. ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లు మాత్రం వద్దు, అవి ఉన్న ఉప్పంతా చిక్కబడినవి.

కత్తిరి ఎండలు

మే 4 నుంచి 28 దాకా చెన్నైవాళ్లు లెక్కపెట్టుకునే కత్తిరి రోజులకు రెండు వారాల ముందే సిద్ధం కావాలి. 35 శాతం నీడవలను పడమర వైపు వాలుగా కట్టండి. నెత్తిన అడ్డంగా కడితే కింద వేడి గాలి చిక్కుకుంటుంది, వలకూ ఆకుకూ మధ్య రెండడుగులు ఉండాలి. 75 శాతం వల మొక్కను బతికిస్తుంది, కాయను తీపెక్కనివ్వదు.

బెరడు బయటపడి ఉన్న కాండానికి, లావు కొమ్మలకు సున్నం పూయండి: కిలో సున్నం మూడు లీటర్ల నీళ్లలో. అంజూర బెరడు పలచన. పడమటి వైపు ఒకసారి కాలి పగిలిందంటే కాండం తొలిచే పురుగు అక్కడే గుడ్డు పెడుతుంది, అది మామిడిని తొలిచే పురుగే. కాండం అడుగున రంపపు పొట్టు రాలుతుంటే పురుగు లోపలున్నట్టు. రంధ్రంలోకి సన్నటి ఇనుప తీగ దూర్చి తిప్పి పురుగును చంపి, రంధ్రాన్ని తడి మట్టితో మూయండి.

ఈ నెలలో ఎరువు వద్దు, కత్తిరింపు వద్దు, కుండీ మార్చడం వద్దు. మొక్క సగం ఆకు రాల్చినా గోకి చూడండి, బెరడు కింద పచ్చగా ఉంటే జూన్ ఆఖరుకు చిగురు వేస్తుంది.

కత్తిరింపు: ఏ వారంలో

మన దగ్గర చలికి ఆకు రాల్చి నిద్రపోయే అవకాశం అంజూరకు లేదు. ఆ విశ్రాంతిని కత్తెరతో మనమే ఇవ్వాలి. కత్తిరించిన రెండు మూడు వారాలకు కొమ్మ మీది కన్ను, అంటే చిగురు మొగ్గ, పగులుతుంది. మరో నాలుగు వారాలకు ఆకు మొదట చిట్టి కాయ కనబడుతుంది. ఆ కాయ పండడానికి 75 నుంచి 100 రోజులు. వెరసి నాలుగు నుంచి ఐదు నెలలు. ఈ లెక్కను చెన్నై వాతావరణం మీద పరిచి చూడండి.

పుణె వైపు తీపి కాపు కోసం సెప్టెంబర్, అక్టోబర్‌లో కత్తిరిస్తారు. ఇక్కడ అదే చేస్తే లేత ఆకు సరిగ్గా ఈశాన్య రుతుపవనాల్లో విచ్చుకుంటుంది, తుప్పు తెగులు నవంబర్‌కల్లా మొక్కను మోడు చేస్తుంది. జనవరి ఆఖరున కత్తిరిస్తే కాయ జూన్ వేడిలో ముడుచుకుంటుంది. ఈ రెండింటి మధ్య మిగిలింది నవంబర్ ఆఖరు నుంచి డిసెంబర్ పది దాకా ఉన్న సందు. అప్పుడు కత్తిరిస్తే పెనువానలు తగ్గే వేళకు చిగురు వస్తుంది, జనవరి ఆఖరుకు కాయ కనబడుతుంది, ఏప్రిల్ రెండో వారం నుంచి పండడం మొదలై కత్తిరి ఎండలు ముదిరేలోపు ఎక్కువ భాగం చేతికొస్తుంది. వాతావరణ కేంద్రం తుపాను హెచ్చరిక చేసిన వారంలో ఆగండి, తెగిన గాయాల మీద మూడు రోజుల వాన మంచిది కాదు.

చేసే పద్ధతి:

1. పొడి ప్రాంతాల్లో కత్తిరింపుకు ముందు రెండు వారాలు నీళ్లు మాన్పిస్తారు. నవంబర్‌లో మన దగ్గర ఆకాశమే పోస్తుంటుంది కాబట్టి కుదరదు. దానికి బదులు వారం ముందు ఆకులన్నీ చేత్తో దూసేయండి. రాలిన తుప్పు ఆకులతో సహా ఏరి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు.

2. చేతికి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. అంజూర పాలు చర్మానికి అంటి ఎండ తగిలితే కాలిన బొబ్బల్లా లేస్తుంది. సాయంత్రం పూట కత్తిరించడమే మంచిది.

3. మొదటి ఏడాది మొక్క అయితే నేల నుంచి ఒకటిన్నర అడుగుల ఎత్తున కొట్టి, తర్వాత వచ్చే చిగుళ్లలో నాలుగు దిక్కులకూ నాలుగు ఉంచండి.

4. రెండో ఏడాది నుంచి పోయిన ఏటి కొమ్మ ఒక్కోదానికి రెండు మూడు కళ్లు ఉంచి కత్తిరించండి. కోత కన్నుకు అర అంగుళం పైన, ఏటవాలుగా. సెలెస్టె అయితే కొనలు మాత్రమే తుంచి వదిలేయండి.

5. గాయాలకు బోర్డో పేస్టు పూయండి: మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, నీళ్లు లీటరు.

6. చిగుళ్లు నాలుగు అంగుళాలు వచ్చాక 75 లీటర్ల సంచికి ఎనిమిది నుంచి పది కొమ్మలు మించకుండా మిగతావి గిల్లేయండి.

7. కొమ్మకు ఆరో ఆకు విచ్చాక కొన గిల్లండి. అప్పుడే బలం ఆకు నుంచి కాయ వైపు మళ్లుతుంది.

కత్తిరించిన రోజే పైమట్టి రెండు అంగుళాలు తీసి రెండు కిలోల వానపాముల ఎరువు, పావు కిలో వేపపిండి వేయండి. కాయ కనబడ్డాక పదిహేను రోజులకోసారి లీటరుకు ఐదు గ్రాముల పొటాషియం సల్ఫేట్ కలిపి రెండు లీటర్లు పోస్తే చాలు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చవక, కానీ దానిలోని క్లోరైడు మన ఉప్పు నీళ్లకు ఇంకో ఉప్పు. యూరియా జోలికి వెళ్లకండి. మోకాలెత్తు కొత్త కొమ్మకు ఒక్క కాయా లేదంటే చాలాసార్లు దోషం నత్రజనిదే.

కత్తిరించిన కొమ్మల్లో పెన్సిల్ లావువి ఏరి, తొమ్మిది అంగుళాల ముక్కలు చేసి, మూడొంతులు ఇసుక మట్టిలో దిగేలా గుచ్చితే ఆరు వారాల్లో వేరు పడుతుంది. డిసెంబర్, జనవరి నెలలే దీనికి అనువు. మేలో గుచ్చినవి ఎక్కువగా కుళ్లుతాయి.

తుప్పు తెగులు

ఆకు కింద ఇటుక పొడి చల్లినట్టు గోధుమ రంగు బొడిపెలు, పైన పసుపు చుక్కలు. పది రోజుల్లో ఆకు రాలుతుంది, ఆకు లేని కొమ్మకు కాయ తీపెక్కదు. ఇది పూర్తిగా పట్టని రకం చెన్నైలో వెతక్కండి. ముందుగా ఆపడమే దారి.

బోర్డో మిశ్రమం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక ప్లాస్టిక్ బక్కెట్‌లో ఐదు లీటర్ల నీళ్లు, 100 గ్రాముల మైలుతుత్తం. ఇంకో బక్కెట్‌లో ఐదు లీటర్లు, 100 గ్రాముల సున్నం, వడగట్టి. తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి కలియబెడుతూ పోయాలి, తిరగేసి పోయకూడదు. ఆకాశం రంగు మిశ్రమం వస్తుంది. మెరిసే ఇనుప కత్తిని నిమిషం ముంచి తీయండి: కత్తి మీద ఎర్రటి రాగి పూత కనబడితే ఆకు మాడుతుంది, ఇంకాస్త సున్నం నీళ్లు కలిపి మళ్లీ చూడండి. ఆ రోజే వాడేయాలి. సెప్టెంబర్ ఆఖరున ఒకసారి, డిసెంబర్ చిగురు విచ్చిన మూడు వారాలకు ఒకసారి, ఆకు అడుగు తడిసేలా. కాయ రంగు తిరిగే దశలో కొట్టకండి.

గంధకం పొడి కూడా పనిచేస్తుంది, లీటరుకు మూడు గ్రాములు. కానీ 32 డిగ్రీలు దాటిన రోజున కొడితే ఆకు కాలుతుంది, అంటే చెన్నైలో డిసెంబర్, జనవరి సాయంత్రాలు తప్ప దానికి చోటు లేదు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టవద్దు.

పిండినల్లికి లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు, పొద్దుగూకాక. చీమల వరస కనిపిస్తే ముందు చీమలను ఆపండి, పిండినల్లిని మోసుకొచ్చేవి అవే. నులిపురుగు భయం ఉన్న చోట సంచి చుట్టూ బంతి మొక్కలు వేయడం మంచిదే, అయితే అది తగ్గించడానికే తప్ప పట్టినదాన్ని వదిలించడానికి కాదు.

కాయ చేతికి రావడం

అంజూర కాయ మొదట గబగబా పెరుగుతుంది. తర్వాత నాలుగైదు వారాలు ఒకే సైజులో, గట్టిగా, పచ్చగా నిలిచిపోతుంది. చాలామంది ఈ దశలో ఏదో లోపమనుకుని ఎరువు, మందు గుమ్మరిస్తారు. ఏమీ చేయకండి. చివరి వారంలో కాయ ఒక్కసారిగా ఉబ్బి, రంగు తిరిగి, తీపెక్కుతుంది. నీళ్లలో హెచ్చుతగ్గులు రాకూడనిది ఆ వారంలోనే. ఏప్రిల్‌లో ఎండబెట్టి ఒకేసారి బక్కెట్ కుమ్మరిస్తే సాయంత్రానికల్లా కాయ నోరు తెరుస్తుంది.

రంగు తిరగడం మొదలవగానే ఒక్కో కాయకు సన్నటి వల సంచి తొడిగి తాడు బిగించండి. పగలు ఉడత, గోరువంక, రాత్రి గబ్బిలం, ముగ్గురికీ మీకంటే ముందే తెలుస్తుంది. ప్లాస్టిక్ కవర్ తొడిగితే లోపల చెమర్చి కాయ బూజు పడుతుంది.

కోసేది మెడ చూసి. కాయ కొమ్మ నుంచి బిర్రుగా నిలబడి ఉంటే ఇంకా ఉంది. తొడిమ దగ్గర మెడ మెత్తబడి కాయ కిందికి వాలి, తోలు మీద సన్నటి గీతలు పడ్డాక కోయండి. తుంచిన చోట పాలు చిక్కగా కారితే తొందరపడ్డట్టే. కోశాక అంజూర తీపెక్కదు, మెత్తబడుతుంది అంతే. తెల్లవారి ఆరు లోపు కోస్తే కాయ చల్లగా, గట్టిగా ఉంటుంది. పదింటికి వేడెక్కిన కాయ ఆ సాయంత్రానికే పులుపు వాసన కొడుతుంది. ఫ్రిజ్‌లో పేపర్ పరిచి ఒకే వరసలో పెడితే రెండు మూడు రోజులు ఉంటాయి.

కన్ను దగ్గర పులిసిన నురగ కారుతున్న కాయలను చెట్టు మీద వదలకండి. దాని మీద వాలిన పురుగే పక్క కాయలోకి పోతుంది. రోజూ ఏరి, మూత ఉన్న డబ్బాలో వేసి బయటికి పంపించండి.

మే దాటాక కొమ్మ చివర మిగిలిన చిన్న కాయలు తుంచేయండి, అవి పండినా తినేలా ఉండవు. జూన్ ఆఖరున రెండు కిలోల కంపోస్టు వేసి, జూలై నుంచి సెప్టెంబర్ దాకా కొమ్మలను పెరగనివ్వండి. ఆ మూడు నెలల్లో కత్తెర పట్టుకుంటే వచ్చే కాయలు అక్టోబర్ వానకు బలవుతాయి.